జీతాల లెక్క: ఒక జవాబుదారీ వృత్తి

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



యువకుల ఉద్యోగావకాశాల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. నేను ఉర్దూ మీడియంలో చదువుకుని, ఉర్దూ మీడియంలోనే లెక్కలు చెప్పుకునేవాణ్ణి. పెద్ద ఉద్యోగాల సంగతి నాకేం తెలుసు అనుకున్నాను. కాని ఒక ఉద్యోగం గురించి మాత్రం నాకు తెలుసు. తెలుసుకోవడం కూడా సుఖంగా జరగలేదు, ఒక తప్పు చేసి తెలుసుకున్నాను. అందుకే ఒప్పుకున్నాను.

మన ఇళ్లలో పిల్లవాడు పదో తరగతి పాసైతే అడిగే ప్రశ్నలు మూడే. డాక్టరు అవుతావా? ఇంజనీరు అవుతావా? లేకపోతే దుబాయి వెళ్తావా? ఈ మూడింటికీ నేను వ్యతిరేకిని కాను. కాని డాక్టరైనా, ఇంజనీరైనా, దుబాయిలో క్రేను నడిపేవాడైనా నెల తిరిగేసరికి ఎదురుచూసేది ఒకదానికోసమే, జీతానికోసం. ఆ జీతం ఎవరి బల్లమీదుగా వస్తుందో ఆ మనిషి గురించి మనం ఎప్పుడూ ఆలోచించం. జీతం సరిగ్గా వస్తే అతడు ఉన్నట్టే తెలియదు. ఒక్క వంద రూపాయలు తగ్గితే మాత్రం అందరం అతడి బల్లచుట్టూ మూగుతాం. ఇంగ్లీషులో ఈ పనిని పేరోల్ అంటున్నారు. జీతాలు లెక్కకట్టడం, అందులోంచి పన్నూ పి.ఎఫ్. వగైరాలు కోయడం, కోసినదాన్ని గడువులోపల ప్రభుత్వానికి జమచేయడం, దానికి లెక్క చెప్పడం, ఇదంతా కలిపి ఒక వృత్తి. మన పిల్లలు ఇందులో గుమాస్తాగా చేరి పెద్ద బాధ్యతలదాకా ఎదగవచ్చునని చెప్పడమే ఈవేళ నా ఉద్దేశం.

ముందుగా నా తప్పు సంగతి చెప్పుకుంటాను.

మీకు తెలుసు, ప్రభుత్వ హైస్కూల్లో జీతాల బిల్లు చేసేది హెడ్మాస్టరుగారే. డి.డి.ఓ. అంటారు ఆయన్ని. ఆయనకు బడి చూసుకోవడానికే పొద్దు చాలదు. లెక్కల మాస్టారు కదా, నువ్వు చూడవయ్యా అని ఆ కాగితాలు నాకు అప్పగించేవారు. మూడు నెలలకోసారి ఎవరి జీతంలోంచి ఎంత ఆదాయపు పన్ను కోశామో పట్టిక రాసి, బయట టైపు చేసి పంపేవారికి ఇవ్వాలి. పేరు, పాన్ నంబరు, కోసిన మొత్తం. అంతే కదా అనుకున్నాను. ఒకసారి ఒక పెద్దాయన పాన్ నంబరులో రెండు అంకెలు తారుమారుగా రాశాను. నేనే రాశాను, ఎవరూ సరిచూడలేదు. నేను కూడా మళ్లీ చూసుకోలేదు.

ఆయన రిటైర్మెంటుకు ఇంకా ఏడెనిమిది నెలలుంది. ఇంటికి నోటీసు వచ్చింది. నలభై వేల చిల్లర పన్ను బాకీ, దానిమీద వడ్డీ. ఆయన జీతంలోంచి డబ్బు కోసిన మాట నిజం, ప్రభుత్వానికి చేరిన మాట కూడా నిజం. కాని ఆయన పేరున చేరలేదు. ఆ కాగితం పట్టుకుని స్టాఫ్ రూముకు వచ్చి నా పక్కన కూర్చుని, "ఏం భాయి, ముప్ఫయ్యేళ్లు పాఠాలు చెప్పి చివరికి సర్కారుకి బాకీదారుణ్ణయ్యానా?" అన్నారు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

ఆ తప్పు దిద్దడానికి నాలుగు నెలలు తిరిగాను. సవరణ పట్టిక పంపాలి, అది అంగీకరింపబడాలి, తర్వాత ఆయన ఖాతాలో ఆ పన్ను కనబడాలి, ఆ తర్వాత నోటీసుకు జవాబు రాయాలి. ఆ నాలుగు నెలలూ ఆయన రాత్రిళ్లు నిద్రపోలేదని వాళ్ల ఇంట్లోవాళ్లు తరువాత చెప్పారు. పెన్షను ఆగిపోతుందేమోనని భయమట. రెండు అంకెలు తారుమారైతే ఒక మనిషి నిద్ర పోయింది. ఈ పని గుమాస్తాగిరీ కాదని ఆరోజు నాకు అర్థమైంది.

ఇప్పుడు పని ఎలా ఉంటుందో చూద్దాం. విద్యార్థులు కాస్త చెవిపెట్టండి.

హైదరాబాదులో ఒక చిన్న కంపెనీ ఉందనుకోండి. ఒక ఉద్యోగికి మూలవేతనం, కరువుభత్యం కలిపి నెలకు 18,000 రూపాయలు, వేరే అలవెన్సులు ఏమీ లేవు. ప్రావిడెంటు ఫండుకు ఉద్యోగి వాటా నూటికి 12. 2014 సెప్టెంబరులో పెట్టిన 15,000 పరిమితిమీద లెక్కకడితే 1,800. ఇ.ఎస్.ఐ. కి 2019 జూలై నుండి ఉద్యోగి వాటా నూటికి ముప్పావలా, అనగా 0.75. అది 135 రూపాయలు. వృత్తి పన్ను, మన రెండు రాష్ట్రాల్లోనూ 15,000 దాటి 20,000 లోపు జీతానికి 150. మొత్తం 2,085 పోను చేతికి వచ్చేది 15,915.

ఉద్యోగికి కనిపించేది ఇంతే. కంపెనీ తనవంతుగా ఇంకో 1,800 ప్రావిడెంటు ఫండుకు కట్టాలి. అందులో నూటికి 8.33 వంతున 1,250 పెన్షను పథకానికి, మిగిలిన 550 ఫండుకు వెళతాయి. ఇ.ఎస్.ఐ. కి కంపెనీ వాటా నూటికి 3.25 చొప్పున 585. అంటే చేతికి 15,915 అందే మనిషికి యజమాని పెట్టే ఖర్చు 20,385, పరిపాలన రుసుములు వేరు. ఈ లెక్క మన ఇళ్లలో జీతం తెచ్చేవాళ్లలో ఎంతమందికి తెలుసు? తెలియకపోతే పి.ఎఫ్. కట్టని యజమాని మనకు రావలసిన ఎంత సొమ్ము మింగుతున్నాడో కూడా తెలియదు.

ఇది ఒక మనిషి లెక్క. ఐదువందల మంది ఉన్న చోట నెల మధ్యలో చేరినవాడుంటాడు, మానేసినవాడుంటాడు, జీతం లేని సెలవు పెట్టినవాడుంటాడు, అడ్వాన్సు తీసుకున్నవాడుంటాడు, ప్రసూతి సెలవులో ఉన్న అమ్మాయి ఉంటుంది, వెనకటి తేదీనుంచి జీతం పెరిగినవాడుంటాడు. అందరి లెక్కా నెలాఖరు మూడు నాలుగు రోజుల్లో తేలాలి. జీతం పడగానే పని అయిపోలేదు. కోసిన ఆదాయపు పన్ను మరుసటి నెల 7వ తేదీలోపు కట్టాలి. పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. 15వ తేదీలోపు. మూడు నెలలకోసారి పన్ను పట్టిక. సంవత్సరం చివర ప్రతి ఉద్యోగికీ సర్టిఫికెట్టు. మనం ఎన్నో ఏళ్లుగా ఫారం 16 అని పిలుచుకున్నది అదే.

గడువు తప్పితే ఏమవుతుంది? 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం కింద, కోసిన పన్ను ఆలస్యంగా కడితే నెలకు నూటికి ఒకటిన్నర వడ్డీ. నెలలో ఒక భాగమైనా నిండు నెలకిందే లెక్క. జూలై 31న లక్ష రూపాయలు కోసి, ఆగస్టు 7న కట్టవలసింది 8న కట్టారనుకోండి. ఆలస్యం ఒక్కరోజే. కాని కోసిన తేదీనుంచి లెక్కగనక డిపార్టుమెంటు వారి లెక్కలో రెండు నెలలు, 3,000 రూపాయలు వడ్డీ. పట్టిక ఆలస్యమైతే రోజుకు 200 చొప్పున వేరే రుసుము. పాన్ ఇవ్వని ఉద్యోగి జీతం పన్నుకు తగిలేదైతే నూటికి తక్కువలో తక్కువ 20 కోయాలి. ఇవన్నీ తెలిసి, ఐదువందల మందివీ తప్పకుండా నడిపించే మనిషిని ఏ యజమానీ సులువుగా వదులుకోడు.

ఇక్కడ ఒక మాట. మన ఉర్దూ మీడియం పిల్లలకు ఇలాంటి ఆఫీసు పనులంటే భయం. ఇంగ్లీషు రాదని భయం, తెలుగు రాయడం సరిగ్గా రాదని భయం. నేను వాళ్లను అడుగుతుంటాను. హాజరు అనే మాట ఎక్కడిది? ఖాతా, జమ, బాకీ, వసూలు, రసీదు, రుసుము, ఖజానా, తనిఖీ ఎక్కడివి? తెలుగు ఆఫీసుల్లో రోజూ వాడే ఈ మాటలన్నీ మీ ఇంట్లో మాటలే గదా! లెక్కకు భాష అడ్డంకాదు. ఇంగ్లీషు నేర్చుకోవలసిందే, అందులో సందేహం లేదు. కాని ఈ పనికి కావలసిన ఇంగ్లీషు షేక్‌స్పియర్ ఇంగ్లీషు కాదు. ఒక సర్క్యులర్ చదివి అర్థం చేసుకోవడం, తేదీలతో అంకెలతో పొట్టి ఉత్తరం తప్పులేకుండా రాయడం, ఇవి రెండూ వస్తే మొదలుపెట్టవచ్చు. ఏడాది కష్టపడితే వస్తాయి.

మా బడిలో చదివిన ఒక అబ్బాయి సంగతి చెబుతాను. పేరు చెప్పను, వాడికి ఇష్టముండదు. తండ్రి టైలరు. ఉర్దూ మీడియంలో పదోతరగతి, తర్వాత ఇంటర్ సి.ఇ.సి., పగలు షాపులో పనిచేస్తూ బి.కాం. పూర్తిచేశాడు. సెక్యూరిటీ గార్డులను సరఫరాచేసే ఒక కాంట్రాక్టరు దగ్గర హాజరుపట్టీ రాసే పనిలో చేరాడు. జీతం చెప్పుకోదగ్గది కాదు. ఇంట్లో అందరూ నిరుత్సాహపడ్డారు. "ఇంత చదివించింది గార్డుల హాజరు రాయడానికా మాస్టారూ?" అని వాళ్ల నాన్న నన్నే నిలదీశాడు.

వాడు చేసిన తెలివైన పని ఒకటుంది. మొదటి నెలనుంచీ ఒక నోటుబుక్కు పెట్టాడు. జీతంలో ఏ తప్పు వచ్చినా, అది తనదైనా మరొకరిదైనా, తేదీ వేసి రాసుకునేవాడు. ఏం తప్పు, ఎలా వచ్చింది, ఎవరు పట్టుకున్నారు, మళ్లీ రాకుండా ఏం చేయాలి. ఒక గార్డు పేరు ఆధార్‌లో ఒకరకంగా, పి.ఎఫ్. లో ఇంకోరకంగా ఉంది. షేక్ ముందా వెనకా అన్న తేడా. దానికే ఆ మనిషి కూతురి పెళ్లికి పి.ఎఫ్. తీసుకోలేకపోయాడు. మన పేర్లతో ఈ ఇబ్బంది ఎంతో మీకు నేను చెప్పనవసరం లేదు. ఇంకొకడికి ఉద్యోగం మారినప్పుడల్లా కొత్త పి.ఎఫ్. ఖాతా తెరిచారు, ఎందులో ఎంతుందో వాడికే తెలియదు. ఇవన్నీ ఆ పుస్తకంలో ఎక్కాయి. రెండేళ్లకు ఆ పుస్తకం చూసి జీతాల బిల్లు చేసే ముందు సరిచూడవలసిన అంశాలు ముప్ఫై ఒక్కటి జాబితా రాశాడు. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్లకంటే ఆ జాబితాయే వాడికి పనికొచ్చింది.

ఆ కాంట్రాక్టరు దగ్గరే ఇంకొక సంగతి జరిగింది. ఒక నెల పెద్ద పార్టీనుంచి బిల్లు రాలేదు. గార్డుల జీతంలో కోసిన పి.ఎఫ్. డబ్బు బ్యాంకులో ఉంది. యజమాని పిలిచి, "ఆ డబ్బు అద్దెకూ డీజిలుకూ వాడేద్దాం, వచ్చేనెల కట్టేద్దాంలే" అన్నాడు. వీడు, "సార్, అది మన డబ్బు కాదు, అమానత్. వాళ్ల జీతంలోంచి తీసి మన దగ్గర ఉంచింది" అన్నాడు. యజమానికి కోపం వచ్చింది. రెండురోజులు మాట్లాడలేదు. ఆ రెండురోజులూ వాడు ఉద్యోగం పోయిందనే అనుకున్నాడు, ఇంట్లో చెప్పలేదు, నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. నేనేం చెప్పగలను? "కాగితంమీద పెట్టు, లెక్కగా చూపించు" అన్నాను. ఆలస్యానికి ఏడాదికి నూటికి 12 వడ్డీ, ఆపైన వేసే నష్టపరిహారం, ఎప్పుడైనా గార్డుకు ప్రమాదం జరిగితే వచ్చే చిక్కు, అంతా ఒక కాగితంమీద రాసి మర్యాదగా బల్లమీద పెట్టాడు. మూడోరోజు యజమాని చలానా కట్టమన్నాడు.

వాడు చెప్పింది ఎంత నిజమో తరువాత దేశంలో అత్యున్నత న్యాయస్థానమే చెప్పింది. 2022 అక్టోబరు 12న చెక్‌మేట్ సర్వీసెస్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఉద్యోగి జీతంలో కోసిన పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. వాటా యజమాని సొమ్ము కాదు, ఇతరుల సొమ్ము అతడి దగ్గర ఉన్నది మాత్రమే, ఆ చట్టాల గడువులోపల కట్టకపోతే తన ఆదాయపు పన్ను లెక్కలో ఆ మొత్తాన్ని ఖర్చుగా తగ్గించుకోవడానికి వీల్లేదు అన్నది ఆ తీర్పు సారాంశం. తరువాత కట్టినా ఆ తగ్గింపు రాదని ఆ తీర్పు చెప్పింది. మన పెద్దలు అమానత్ అనే మాటతో చెప్పిందే ఇది.

ఆ అబ్బాయి ఈవేళ హైదరాబాదులోనే ఒక పెద్ద సంస్థలో జీతాల విభాగానికి లీడు. కింద పన్నెండు మంది. మన దేశం జీతాలతోబాటు ఇంకో మూడు దేశాల జీతాలు కూడా వాళ్ల బల్లమీదుగానే పోతాయి. మొన్న ఈదుకు వచ్చినప్పుడు అడిగాను, "నువ్వు ఇప్పుడేం చేస్తావురా? లెక్కలు కడతావా?" అని. "లేదు సార్, లెక్క కంప్యూటరు కడుతుంది. తప్పు జరిగితే జీతం పడకముందే దొరికేటట్టు చూడటం నా పని" అన్నాడు. వాడు చెప్పినదాన్నిబట్టి ఈ వృత్తిలో మెట్లు నాకు అర్థమైనంతవరకు మనవి చేస్తాను.

మొదటి మెట్టు హాజరు, చేరికలు, బ్యాంకు ఖాతాలు, పేర్లు. విసుగుపుట్టే పని. కాని పునాది అదే. నా తప్పు జరిగింది ఈ మెట్టుమీదే గదా. ఏడాదో రెండేళ్లో ఇక్కడ ఓపికగా ఉండాలి.

రెండో మెట్టు కోతలు. పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ., వృత్తి పన్ను, ఆదాయపు పన్ను. నియమం ఎంత అని మాత్రమే కాదు, ఎందుకు అని కూడా తెలుసుకోవాలి. ఉదాహరణకు, ఆదాయపు పన్నును సంవత్సరం మొత్తం ఆదాయం అంచనావేసి నెలలకు పంచి కోస్తారు. పాత పద్ధతి ఎంచుకున్న ఉద్యోగి ఇన్సూరెన్సు, ఇంటి అద్దె రసీదులు డిసెంబరులో ఇవ్వకపోతే జనవరినుంచి మార్చిదాకా మూడు నెలల్లో మొత్తం పన్నంతా కోయవలసి వస్తుంది. అప్పుడు ఆ మనిషి వచ్చి అరుస్తాడు. ఎందుకు కోశామో రెండు నిమిషాల్లో, అతనికి అర్థమయ్యే భాషలో, కోపం తెచ్చుకోకుండా చెప్పగలగాలి. తెలుగు, ఉర్దూ, హిందీ, కాస్త ఇంగ్లీషు వచ్చిన మన పిల్లలకు ఇది దేవుడిచ్చిన వరమే.

మూడో మెట్టు పొంతన చూడటం. జీతాల రిజిస్టరులో ఉన్న మొత్తం, బ్యాంకునుంచి పోయిన మొత్తం, కంపెనీ పుస్తకాల్లో ఉన్న మొత్తం, చలానాలో కట్టిన మొత్తం, పట్టికలో చూపిన మొత్తం, ఈ ఐదూ కలవాలి. కలవకపోతే ఎక్కడ తేడా వచ్చిందో దొరికేదాకా లేవకూడదు. ఒక్క రూపాయి తేడాయే గదా అనుకునేవాడు ఈ మెట్టు దాటలేడు.

నాలుగో మెట్టు నాయకత్వం. ఒకరు చేసినదాన్ని మరొకరు సరిచూసే పద్ధతి పెట్టడం, ఏ తేదీకి ఏ పని అని సంవత్సరం మొత్తానికి క్యాలెండరు రాయడం, కిందివాళ్లకు నేర్పడం, ఆడిటర్లకు జవాబు చెప్పడం, యజమాని తప్పుదారి తొక్కుతుంటే కాగితంమీద పెట్టి వద్దనడం. తాను సెలవుపెట్టినా జీతాలు సకాలంలో పడేటట్టు చూసినవాడే లీడు. అన్నీ నేనే చేస్తాను, ఎవరికీ చెప్పను అనేవాడు ఎంత తెలివిగలవాడైనా గుమాస్తాగానే మిగిలిపోతాడు.

ఇంకొకటి, నోరు. ఎవరి జీతమెంతో ఈ బల్లమీదున్నవాడికి తెలుసు. ఎవరి జీతం కోర్టు ఉత్తర్వుమీద కోతపడుతున్నదో తెలుసు. అది టీ కొట్టు దగ్గర బయటపడితే ఆరోజుతో ఆ మనిషి పని అయిపోయినట్టే.

కంప్యూటర్లు వచ్చాక ఈ ఉద్యోగాలుంటాయా మాస్టారూ అని కొందరు అడుగుతారు. కూడికలు తీసివేతలు చేసేవాడి ఉద్యోగం ఉండదు. ఆ మాట నిజమే. కాని చట్టం మారినప్పుడు ఆ మార్పు అర్థం చేసుకుని కంప్యూటరుకు సరిగ్గా చెప్పేవాడు కావాలి. చట్టాలు ఎంతగా మారుతున్నాయో చూడండి. 2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, 29 పాత కేంద్ర చట్టాల స్థానంలో. వేతనం అనే మాటకే కొత్త నిర్వచనం. అలవెన్సులు మొత్తం పారితోషికంలో సగానికి మించితే, మించిన భాగాన్ని వేతనంలోనే కలిపి లెక్కకట్టాలి. దానివల్ల గ్రాట్యుటీ వగైరాల లెక్క మారుతుంది. ఉద్యోగం మానేసినవాడికి రావలసిన వేతనం రెండు పనిదినాల్లోపల ఇచ్చేయాలి. ఆ వెంటనే 2026 ఏప్రిల్ 1నుండి 1961 చట్టం స్థానంలో 2025 ఆదాయపు పన్ను చట్టం వచ్చింది. జీతంలో పన్నుకోత సెక్షన్ 192 అని కంఠస్థం చేసినవాడు ఇప్పుడు 392 అని నేర్చుకోవాలి. సంఖ్యలు బట్టీపట్టినవాడికి ఇది కొత్త చదువు. సంగతి అర్థంచేసుకున్నవాడికి పాత ఇంటికి కొత్త నంబరు వేసినట్టు, అంతే.

గల్ఫులో మనవాళ్లున్నారు గనుక ఆ మాట కూడా చెప్పి ముగిస్తాను. అరబ్ ఎమిరేట్సులో జీతంమీద ఆదాయపు పన్ను లేదు. కాని లెక్క లేదనుకోకండి. 2009నుంచి అక్కడ వేతన రక్షణ పద్ధతి ఉంది, జీతం బ్యాంకులద్వారా పడాలి, పడిందో లేదో ప్రభుత్వం చూస్తుంది. ఉద్యోగం ముగిసినప్పుడు ఏడాదికి మించి పనిచేసినవాడికి మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూలవేతనం, ఆపైన ఏడాదికి 30 రోజులది గ్రాట్యుటీగా ఇవ్వాలి. ఇక్కడ కిటుకు మూలవేతనం అనే మాటలో ఉంది. కాంట్రాక్టులో మొత్తం జీతం పెద్దగా, మూలవేతనం చిన్నగా రాస్తే పదేళ్ల తర్వాత తిరిగివచ్చేటప్పుడు చేతికి వచ్చేది తగ్గిపోతుంది. పిల్లవాడు సంతకం పెట్టేముందు ఈ ఒక్క గడి చూడమని చెప్పండి. అక్కడి కంపెనీల్లో కూడా జీతాల విభాగాలున్నాయి. ఇక్కడ పని నేర్చినవాడు క్రేను ఎక్కనవసరం లేకుండా అక్కడ బల్లముందు కూర్చోవచ్చు.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక మనవి. ఈ పనికి మీ అమ్మాయిలు బాగా పనికివస్తారు, నా తరగతిలో లెక్కలు శుభ్రంగా చేసేది వాళ్లే. అయితే నెలాఖరు రోజుల్లో ఆఫీసునుంచి రావడం ఆలస్యమవుతుంది. ఈ మాట ముందే తెలుసుకుని, వాళ్లకు తోడుగా నిలబడండి. నెలకు మూడురోజుల ఆలస్యానికి ఉద్యోగం మాన్పించకండి.

చదువు విషయానికొస్తే, ఇంటర్ సి.ఇ.సి., తర్వాత బి.కాం. ఉంటే పునాది చాలు. హైదరాబాదులో 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది. ఉద్యోగం చేస్తూ చదవాలనుకునేవారికి 1982లో మొదలై ఇప్పుడు అంబేద్కర్ పేరున ఉన్న సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. ఎక్సెల్ బాగా నేర్చుకోవాలి, ఒక అకౌంటింగు సాఫ్ట్‌వేరు నేర్చుకోవాలి. ఉద్యోగంలో కుదురుకున్నాక కార్మిక చట్టాల డిప్లొమాయో, కాస్ట్ అకౌంటెంటు పరీక్షలో రాస్తే పై మెట్లు సులువవుతాయి.

సంఘం పెద్దలకు నా విన్నపం ఒకటుంది. మన సభ్యుల్లో ట్రెజరీలో పనిచేసేవారున్నారు, ఆడిటర్ల దగ్గర పనిచేసేవారున్నారు. నెలకు ఒక ఆదివారం సంఘం హాలులో ఒక బల్ల వేయండి. ఎవరైనా సరే తమ జీతం చీటీ, పి.ఎఫ్. పాసుబుక్కు, పాన్, ఆధార్ తెచ్చి చూపించుకోవచ్చు. పేర్లు కలిశాయా, కోసిన డబ్బు చేరిందా, చూసి చెప్పండి. 2004 సెప్టెంబరు 1 తరువాత ప్రభుత్వోద్యోగంలో చేరిన నాలాంటి సి.పి.ఎస్. వాళ్లు కూడా తమ ఖాతాలో నెలనెలా జమ పడుతున్నదో లేదో చూసుకోవాలి. ఆ బల్లదగ్గర కామర్సు చదివే ఇద్దరు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. పేదవాడికి సాయం అవుతుంది, పిల్లలకు పని వస్తుంది. మొదటి ఆదివారం నేను వస్తాను. పాన్ నంబర్లు సరిచూసే పని నాకివ్వండి. ఇప్పుడు రెండుసార్లు చూస్తున్నాను.

ఆ పెద్దాయన రిటైరైన రోజున సన్మానసభలో నా చేయి పట్టుకుని, "నా లెక్క సరిచేశావు భాయి, ఇక మీ శిష్యుల చేత కూడా చేయించు" అన్నారు. ఆ మాట ఇంతవరకూ బాకీగానే ఉంది. ఈవేళ మీ ముందు కొంత తీర్చుకున్నాననుకుంటాను.